కొబ్బరినూనె సీసా గారికి విన్నపం

మహారాజశ్రీ కొబ్బరినూనె సీసా గారికి,

నమస్కరించి రాయునది. తమరు స్నానాల గది కిటికీలో క్షేమమని తలుస్తాను. నా క్షేమం నేను చెప్పేదేముంది, రెండేళ్ళు నా ఒంటిమీదే కాపురం చేశారు.

మొదట కాళ్ళ మీద చర్మం పొలుసులు లేచింది. గోరు తగిలితే తెల్లగా గీత పడేది. మా చిన్నోడు పలక అనుకుని నా కాలి మీద అ, ఆ దిద్దాడు. అత్తయ్యగారు వంటింట్లోంచే వైద్యం చెప్పారు: "కొబ్బరినూనె రాసుకో." రాసుకున్నాను. మడమలు పగిలాయి. "నూనె రాసుకో." జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చింది. "మందారాకు వేసి కాచి రాసుకో." ఆ వాసనకి మా ఆయన మకాం హాల్లోకి మారింది.

చలికి గడ్డకట్టడంలో మనిద్దరిదీ ఒకటే గోత్రం. కాకపోతే తమరు 24 డిగ్రీలు దాటితే కరుగుతారు. నేను మే నెల విజయవాడలో దుప్పటి కప్పుకుని ఫ్యాన్ ఆపమని పోట్లాడాను. చెమట పట్టట్లేదంటే, "పని చేస్తేగా పట్టడానికి" అన్నారు అత్తయ్యగారు.

తర్వాత అరచేతులు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు పోయించడానికి ఆటో కూడా మాట్లాడేశారు. కళ్ళు తెల్లగానే ఉన్నాయని ఒక్కరూ చూడలేదు. క్యారెట్లో, గుమ్మడికాయలో ఉండే కెరోటిన్‌ని విటమిన్-ఎగా మార్చే పని ఒంట్లో మందగించి, ఆ రంగు చర్మంలో పేరుకుందట. ఇది పసరు తాగాక తెలిసింది.

ముఖం ఉబ్బితే పెళ్ళిలో మా పిన్ని, "కాస్త ఒళ్ళు చేశావే, కళగా ఉన్నావు" అని బుగ్గ గిల్లింది. ఆ కళ పేరు హయలురోనిక్ యాసిడ్. చర్మం కింద చేరి నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. షాపుల్లో దాన్నే బుల్లి సీసాల్లో పోసి చుక్కల లెక్కన అమ్ముతారు. నాకు ఊరికే వచ్చింది.

చివరికి ఒక డాక్టరమ్మ బొటనవేలితో కాలు నొక్కి చూసింది. వాపు ఉంది, గుంట పడలేదు. "కనుబొమ్మల చివర్లు ఎప్పుడు ఊడాయమ్మా?" అంది. రోజూ పెన్సిల్‌తో దిద్దుకుంటూ ఆ సంగతే మర్చిపోయాను. రక్తం తీశారు. గొంతులోని థైరాయిడ్ గ్రంథి మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ నాలుగు దగ్గర ఆగాల్సింది, నాకు 38. యాంటీబాడీలూ ఎక్కువే. హషిమోటో జబ్బు అన్నారు. 1912లో ఆ పేరుగల జపాన్ సర్జన్ నలుగురు ఆడవాళ్ళ థైరాయిడ్ గ్రంథులు పరిశీలించి ఈ జబ్బు గురించి రాశాడట. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఆ గ్రంథి మీద పడతాయి. లోపల కంచే చేను మేస్తుంటే, తమరు పైన ఆకులకి మెరుగు పెడుతున్నారన్నమాట.

తమరి తప్పేం లేదు లెండి. రాయమంటే రాయించుకున్నారు. పాపం, మీకు రక్తపరీక్ష రాసే అధికారం లేదు.

ఇప్పుడు పొద్దున్నే పరగడుపున ఒక చిన్న తెల్ల మాత్ర. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ వాసన చూస్తూ కూర్చోవాలి. జబ్బు కన్నా అదే కష్టంగా ఉంది.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఐదు నెలలకి మొన్న ఎడమ కనుబొమ్మ చివర నాలుగు వెంట్రుకలు మొలిచాయి. అత్తయ్యగారు వెలుతురులోకి తిప్పి చూసి, కళ్ళజోడు సర్దుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచారు.

"చూశారా? నూనె ఇప్పటికి పట్టింది."

ఇట్లు,
తమరి పాత పేషెంటు