పర్లాకిమిడి నుంచి సార్క్ గారికి

అయ్యా సార్క్ గారూ,

ఎనిమిది దక్షిణాసియా దేశాల కూటమి కదా మీరు, ఖాట్మండులో మీ ఆఫీసు తలుపులు రోజూ తీస్తున్నారనే అనుకుంటున్నాను. మీ 18వ శిఖరాగ్ర సభ 2014 నవంబరులో ఆ ఊళ్లోనే జరిగింది. తర్వాతది 2016లో ఇస్లామాబాద్‌లో అన్నారు. కశ్మీరులో ఉరీ సైనిక శిబిరం మీద దాడి జరిగాక భారత్ రానంది, ఇంకొందరూ రామన్నారు, సభ రద్దయింది. మళ్లీ ఊసే లేదు. ఏడాదికోసారైనా కలవాలని మీ చార్టరులో రాసుకున్నారు పాపం.

నాది ఒడిశా సరిహద్దు, పర్లాకిమిడి. 1936లో రాష్ట్రం గీసినప్పుడు గీత మా పక్కనుంచే పోయింది. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. కాబట్టి ఇరుగుపొరుగు తగాదాలు మాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. వంశధార నది మీద నేరడి బ్యారేజీ గురించి ఒడిశా, ఆంధ్రా తగాదా సంగతే చూడండి. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది. 2021లో ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని, బాగా ఆలోచించి, ఒక కమిటీ వేద్దామనుకున్నారు. మీదీ మాదీ ఒకే రక్తమండీ!

మీ చార్టరులో నాకు తెగ నచ్చినవి రెండు రూల్సు. ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. ఇద్దరి మధ్య తగాదాలు సభలో ఎత్తకూడదు. అంటే, తగాదా గురించి మాట్లాడకూడదు, అది ఉన్నంతకాలం పనీ జరగకూడదు. రాసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి. ఉమ్మడి ఇంట్లో పెద్దన్నలిద్దరూ అలిగి వంటింటికి తాళం వేస్తే పస్తులుండేది చిన్నవాళ్లు. అసలు మీరు పుట్టాలన్న ఆలోచనే ఆ చిన్నవాళ్లలో ఒకరైన బంగ్లాదేశ్‌ది. 2009లో మాల్దీవుల మంత్రులు సముద్రంలో మునిగి క్యాబినెట్ మీటింగు పెట్టారు, నీటిమట్టం పెరిగితే మా గతి ఇదీ అని చూపించడానికి. మరుసటి ఏడు భూటాన్ రాజధాని థింఫూలో మీరు వాతావరణం మీదే సభ పెట్టారు, ప్రకటన కూడా చేశారు. సంతోషం. నేపాల్ మాత్రం తన కరెంటు 40 మెగావాట్లు బంగ్లాదేశ్‌కి అమ్ముకోవడానికి మీ సభ కోసం కాచుక్కూర్చోలేదు. మధ్యలో తీగలు భారత్‌వి కదా, 2024లో మూడు దేశాలవాళ్లూ కూర్చుని సంతకాలు చేసేసుకున్నారు.

మీ వాళ్లు కలిసి పనిచేయలేరంటే నేను నమ్మను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి జనం పోయారు. ఆ పేరిచ్చింది పాకిస్తాన్. 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ కూడా వాళ్లు పెట్టిన పేరే. ఈ పేర్ల జాబితాలో 13 దేశాలున్నాయి, వంతులు కూడా ఉన్నాయి. వాళ్లిచ్చిన పేరు ఢిల్లీ వాతావరణ కేంద్రం ప్రకటిస్తుంది, ఇక్కడ మేం టార్చిలైట్లు వెతుక్కుంటాం. ఎవరూ అలగరు. ఆ జాబితా నడిపే ప్యానెల్ మీది కాదు లెండి, ఐక్యరాజ్యసమితి సంస్థలది. అందుకే నడుస్తోందని మీరంటే గిట్టనివాళ్లు అంటున్నారు.

వీలైతే ఓసారి మా సంతకి రండి. సవర గిరిజన అవ్వ కొండచీపుళ్ల కట్ట ధర తెలుగులో చెబుతుంది, కొనేవాళ్లతో బేరం ఒడియాలో ఆడుతుంది, డబ్బులు తన భాషలో లెక్కపెట్టుకుంటుంది. ఏకాభిప్రాయం కుదరక కట్ట విసిరి కొట్టిన రోజులూ ఉన్నాయి. అయినా వచ్చే వారం అమ్మే అవ్వా, కొనేవాళ్లూ అక్కడికే వస్తారు. చీపురు ఆమె దగ్గరే ఉంది, వాళ్లేమో ఇల్లు ఊడ్చుకోవాలి మరి.

మీ 19వ సభకి ఊరు దొరక్కపోతే మా ఊరుంది. రాజావారు 1900లో వేయించిన రైలు దారి నౌపడా నుంచి ఇప్పటికీ వస్తోంది. ఎనిమిది జెండాలకి బట్ట ఇక్కడే దొరుకుతుంది. సంత రోజు మాత్రం పెట్టుకోకండి, ఆటోలు దొరకవు.

ఇట్లు,
గీతకి అటూ ఇటూ తిరిగే ఒక తెలుగువాడు