చివరి పేజీ లేని నవల

తిరుపతి లీలామహల్ సర్కిల్‌కు కాస్త అవతల ఒక సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. 1980ల మధ్యలో మాట. డిపాజిట్ 5 రూపాయలు, రోజుకు అర్ధరూపాయి. మర్నాడు ఇవ్వకపోతే ఇంకో అర్ధరూపాయి పడుతుంది. అందుకని డిటెక్టివ్ నవలను సోషల్ పుస్తకంలో దూర్చి రాత్రికి రాత్రే పూర్తి చేసేవాళ్లం. పిల్లలకు చదివే అలవాటు పోయిందని వాపోయేవాళ్లు ఆ అర్ధరూపాయి టెన్షన్‌ను మర్చిపోయినట్టున్నారు. మంచి పుస్తకాలేవో ఎంచి ఇస్తే మేం చదువరులం కాలేదు. తొందరా దొంగతనమూ కలిసి చేసిన పని అది.

ఒకసారి నా చేతికొచ్చిన నవలకు చివరి పేజీ లేదు. హంతకుడెవరో తెలియలేదు. షాపాయన్ని అడిగితే, 'చదివినోళ్లెవరైనా కనిపిస్తే అడుగు' అన్నాడు. వారం రోజులు క్లాసులో అదే చర్చ. నలుగురం నాలుగు ముగింపులు చెప్పుకున్నాం. అసలుది ఇప్పటికీ తెలీదు.

1947 జులైలో మొదలైన చందమామను మాత్రం దాచాల్సిన పని లేదు, ఇంట్లో పెద్దలే ముందు చదివేవాళ్లు. శంకర్ బొమ్మలో విక్రమార్కుడి భుజం మీద శవం ఎప్పుడూ అలాగే ఉండేది. రాజు మౌనం వీడగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కేవాడు. కథ అయిపోయిందనిపించి, అవకుండా మిగిలేది. నెలంతా ఎదురుచూపు.

చిత్తూరులో ఉన్న మా పిన్ని కొడుకు దగ్గర ఇంకో రకం సరుకు. వేలూరు వైపు నుంచి వచ్చే తమిళ కామిక్స్. 1972లో మొదలైన శివకాశి ముత్తు కామిక్స్ వాటిలో ఉండేవి. నాకు తమిళం చదవడం రాదు. బొమ్మలు చూసి మాటలు నేనే పెట్టుకునేవాణ్ణి. వాడు అర్థం చెప్పాక, నా కథే బాగుందనిపించిన సందర్భాలూ లేకపోలేదు.

ఇప్పుడు అద్దె షాపులు లేవు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం కడుతున్నాం. ఈమధ్య ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్తే హాలు నిండా పోటీ పరీక్షల కుర్రాళ్లు. వాళ్లకూ చోటు కావాల్సిందే. కానీ పిల్లల పుస్తకాల బీరువాకు తాళం! ఎందుకంటే చించేస్తారట. మా అద్దె షాపులో చినగని పుస్తకం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. ఆ తాళం తీసి, పుస్తకాలు ఇళ్లకు పంపి, చినిగినవాటికి అట్టలు వేయిస్తే సెస్సు డబ్బుకు అంతకంటే మంచి ఖర్చేముంది?

మొన్న మా అక్క మనవరాలి చేతిలో మాంగా అనే జపాన్ కామిక్స్ పుస్తకం కనిపించింది. తీసుకుని, అలవాటు కొద్దీ ఎడమవైపు అట్ట తెరిచాను. ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలని నాకేం తెలుసు!

'తాతా, అది లాస్ట్ పేజీ! నేనింకా చదవలా' అంటూ లాగేసుకుంది.