పెయింట్ చూసి పాత బోటు కొనకుండ్రి

సాగర్ కాడ, సోమశిల కాడ, జూరాల కాడ పాత మోటర్ బోటు బేరాలు ఎట్ల నడుస్తయో చూస్తుంటే మనసున పడ్తలేదు. ఫోన్ల నాలుగు ఫొటోలొస్తయి. కొత్తగ కొట్టిన నీలం పెయింట్, తుడిచి మెరిపించిన మోటర్. కొనెటాయన అడిగేది రెండే ముచ్చట్లు: "ఎన్ని హార్స్‌పవరన్నా? ఆఖరికి ఎంతకిస్తవ్?" మోటర్ బిగించిన వెనక పలక ఎట్లుందని ఒక్కరన్న అడగరు. మోటర్ పాడైతే ఇంకోటి తగిలించుకోవచ్చు. పలక కుళ్లితే మోటర్ నడి కృష్ణల ఊడి పడ్తది, బోల్టు బొక్కలకెల్లి నీళ్లు లోపటికొస్తయి.

ఆ పలకనే ట్రాన్సమ్ అంటరు. చానా ఫైబర్ బోట్లల్ల అది ఉత్త ఫైబర్ కాదు. నడుమ ప్లైవుడ్, రెండు దిక్కుల ఫైబర్ పొర. మోటర్ బోల్టులకు సీలెంట్ సరిగ పెట్టకుంటే ఆ బొక్కలకెల్లి చుక్క చుక్క నీళ్లు ప్లైవుడ్‌లకు దిగుతయి. పైన ఫైబర్ నున్నగనే కనవడ్తది, లోపట చెక్క నానిన అట్టముక్క లెక్క అయితది. 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటర్ 70 కిలోల పైనే ఉంటది. ఆ బరువు, దాని తోపుడు అంతా ఈ పలక మీదనే.

చూసే తరీక సులువే. మోటర్‌ను పైకి వంచి లాక్ చెయ్యుండ్రి. దాని కింది కాలు (నీళ్లల మునిగే భాగం) పట్టుకొని ఒంటి బరువేసి కిందికి మీదికి ఊపుండ్రి. ఇంకొకరు పలక దగ్గర కూసోని బోల్టుల చుట్టు చూడాలె. పలక కొంచెం వంగినా, మూలల్ల పగుళ్లు నోరు తెరిచినా ఆ బోటు ముట్టకుండ్రి. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితోని పలకంతా కొడుకుంట పోవుండ్రి. గట్టి జాగల "టక్ టక్" అంటది, కుళ్లిన జాగల "దబ్ దబ్" అని మొద్దుగ మోగుతది. ఆఖరుకు కింది బోల్టు ఒకటి ఊడదియ్యుమనుండ్రి. బొక్కలకెల్లి గోధుమరంగు నీళ్లు కారినా, సన్న పుల్ల పెడితే తడి చెక్కపొట్టు వచ్చినా అక్కడికి బేరం బంద్. "పైన ఫైబర్ కొట్టిస్తే అయిపాయె" అంటే నమ్మకుండ్రి. ఫైబర్ కోసి, కుళ్లిన చెక్కంతా తీసి, ఐఎస్ 710 ముద్రున్న మెరైన్ ప్లై పెట్టి మళ్ల కట్టాలె. ఇంట్ల అలమారకు వాడే ప్లై పెడితే కథ మళ్ల మొదటికే వస్తది.

రెండోది బరువు. ఫ్లోర్ కింద తేలెటందుకు ఫోమ్ పెడ్తరు. పాతబడ్డంక అది నీళ్లు పీలుస్తది, ఎండకు పెట్టినా ఆరదు. మడిమెతోని ఫ్లోర్ మీద తొక్కుకుంట నడువుండ్రి, మెత్తగ దిగిన జాగ కింద దూలం పోయినట్టే. బోటును డీసీఎంల ఎక్కించి ధర్మకాంట మీదికి తోలుండ్రి, దింపినంక వట్టి బండిని మళ్ల తూకం పెట్టుండ్రి. మోటర్, ట్యాంకు, బ్యాటరీ బరువు తీసేసి తయారీదారు చెప్పిన బరువుతోని పోల్చుండ్రి. వంద కిలోలు ఎక్కువొస్తే అది చానామట్టుకు ఫోమ్ తాగిన నీళ్లే.

చానామంది తప్పు అనుకునే సంగతొకటి. "సముద్రంల తిరగలే, మంచినీళ్ల బోటు, భయం లేదు" అంటరు. మోటర్‌కు ఆ మాట నిజమే. కానీ ఫైబర్‌కు ఉప్పునీళ్లకన్న మంచినీళ్లే ఎక్కువ గుంజుకపోతయి, జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పైపొర) కింద బొబ్బలొస్తయి. బోటు ఆరితే ఆ బొబ్బలు అణిగి కనవడవు. అందుకే నీళ్లలకెల్లి తీసిన గంటలోపే అడుగు చూడుండ్రి. ఒక బొబ్బను పొడిస్తే కారే నీళ్లు వేలికి జిగురుగ తగిలి వెనిగర్ వాసనొస్తే ఆస్మాసిస్, అంటే ఫైబర్‌లకు నీళ్లు దిగే రోగం, ఉన్నట్టు. అక్కడక్కడ నాలుగు బొబ్బలుంటే ధర తగ్గించి తీసుకోవచ్చు, అడుగంతా ఉంటే వద్దు.

ఇగ మోటర్. పోంగనే చెయ్యి పెట్టి చూడుండ్రి, చల్లగుండాలె. మీరు రాకముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెట్టిండంటే చల్లమోటర్ సతాయిస్తదని అర్థం. సేఫ్టీ తాడు గుంజేసి, ప్లగ్గులన్ని తీసి, త్రాటిల్ పూర్తిగ తెరిచి, ప్లగ్గు బొక్కల కంప్రెషన్ గేజ్ (సిలిండర్ ఒత్తిడి కొలిచేది) పెట్టి స్టార్ట్ చేసే తాడు నాలుగైదుసార్లు గుంజుండ్రి. సిలిండర్ల ఒత్తిడి నడుమ తేడా 10 శాతం దాటొద్దు. ఒకటి 120 పీఎస్‌ఐ, ఇంకోటి 115 చూపిస్తే ఫరవాలేదు. 120, 95 వస్తే రింగులో, సిలిండరో అరిగింది. టూ స్ట్రోక్‌ల లీటర్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాల్సిన కాడ పైసలు మిగులుతయని సగమే పోసినోళ్ల మోటర్లు ఇట్లనే వస్తయి.

గేర్ ఆయిల్ చూడకుంట ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి. మోటర్‌ను రాత్రంతా నిలువుగ పెట్టనిచ్చి, పొద్దుగాల కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తెల్లకాయితం మీద పట్టుండ్రి. నీళ్లు బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తయి. ఆయిల్ పాలచాయ రంగుల ఉంటే సీల్ పోయింది. స్క్రూకు ఇనుప రజను కొంచెం అంటుడు మామూలే, ముక్కలుంటే మాత్రం గేర్ పళ్లు పోయినట్టే. మన రిజర్వాయర్లల్ల సీల్ పోవుడుకు పెద్ద కారణం వలలు. ప్రొపెల్లర్ నట్టు ఇప్పి బయటికి గుంజుండ్రి. వెనక షాఫ్ట్‌కు తంగూసు దారం చుట్టుకొని బిగిసి, వేడికి కరిగి గాజు రింగు లెక్క అయి ఉంటది. అదే సీల్ అంచును కోస్తది. దారం తీసేస్తే సరిపోదు, సీల్ కూడ మార్చాలె.

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ల తిరిగిన బోటైతే కింది కాలు ఇంకా పైలంగ చూడాలె. డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు, నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడే బయటవడ్తది. అసొంటి కాలంల నీళ్ల కింద బండలు, మొద్దులు, పాత గోడలు జానెడు లోతులనే దాక్కుంటయి. ప్రొపెల్లర్‌ను న్యూట్రల్‌ల చేత్తోని తిప్పుతుంటే షాఫ్ట్ కొన వంకరగ ఆడితే గట్టి దెబ్బ తగిలినట్టే.

మోటర్ నడిచేటప్పుడు దాన్ని చల్లబరిచే నీళ్లు పక్కకెల్లి చిన్న బొక్కల నుంచి ధార లెక్క బయటికొస్తయి. ఆ ధార సన్నగొస్తే ముందు ఆ బొక్కల తీగ పెట్టుండ్రి, బురద అడ్డుండొచ్చు. అప్పటికీ రాకుంటే ఇంపెల్లర్ (ఆ నీళ్లు గుంజే రబ్బరు రెక్కల చక్రం) పోయినట్టు. అది చవకదే, కానీ రబ్బరు రెక్క విరిగుంటే ఆ ముక్క లోపటి దారిల ఇరికే ఉంటది, వెతికి తీయకుంటే మోటర్ వేడెక్కి పట్టేస్తది. కోస్తా దిక్కుకెల్లి వచ్చిన మోటరైతే థర్మోస్టాట్ (మోటర్ వేడిని బట్టి చల్లబరిచే నీళ్లను వదిలే వాల్వు) మూత తీయించుండ్రి, లోపట ఉప్పు గట్టిపడి తెల్లగ కనవడ్తది. పాత రబ్బరు పైపులు ఎట్లయినా మార్చుకోవాలె. ఇప్పటి పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటది, అది పాత రబ్బరును మెత్తగ చేస్తది, గాల్లకెల్లి తేమ గుంజుతది.

మోటర్ కాలు పొడుగు (దీన్నే షాఫ్ట్ పొడుగంటరు) కొలువుండ్రి. పొట్టిది 15 ఇంచులు, పొడుగుది 20. పొట్టి పలకకు పొడుగు మోటర్ తగిలిచ్చి అమ్మేటోళ్లున్నరు. ప్రొపెల్లర్ మీది అడ్డపలక బోటు అడుగుకు సమంగనో, ఇంచు కిందనో ఉండాలె.

కాయితాల్ల రిజిస్ట్రేషన్, మోటర్ బ్రాకెట్ మీది సీరియల్ నంబర్ ఒకటితోనొకటి కలవాలె. స్టిక్కరు మీది హార్స్‌పవర్ నమ్మొద్దు, 9.9 మోటర్‌కు 15 స్టిక్కరు కొట్టుడు పెద్ద పనేం కాదు. జనాన్ని ఎక్కించుకుందామనుకుంటే 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కావాలె.

ఆఖరిది ట్రయల్. ఒడ్డు కాడ రెండు నిమిషాలు తిప్పి చూపిచ్చేది ట్రయల్ కాదు. మీరెంతమంది ఎక్కుతరో అంతమందిని, లైఫ్‌జాకెట్లు ఏసి, ఎక్కించుకొని అరగంట పోవుండ్రి. వేడైనంక బంద్ చేసి మళ్ల స్టార్ట్ చెయ్యుండ్రి. ఒడ్డుకొచ్చినంక ఫ్లోర్ లేపి లోపటి నీళ్లు చూడుండ్రి, పోయేముందు పొడిగ తుడిచి పెట్టిన జాగ తడిసి ఉంటే ఏడకెల్లొచ్చిందో దొరికేదాక అడ్వాన్స్ కూడ ఇయ్యకుండ్రి.