క్లోజప్ మోజులో మాయమైన చేతులు

సంగీత పత్రికల కవర్లు కొన్నేళ్లుగా చూస్తున్నవాళ్లకు ఆ ఫార్ములా కొత్తేమీ కాదు. గాయకుడి ముఖం, లేదా మహా అయితే భుజాల దాకా. చూపు నేరుగా మన కళ్లలోకి. పత్రిక పేరులో ఒకటి రెండు అక్షరాలను కప్పేసే తల. వెనక ఏమీ లేని గోడ. ఈ క్లోజప్ మోజు సంగీతానికే అన్యాయం చేస్తోంది. సంగీత పత్రిక కవర్‌కు నడుము దాకా కనిపించే మిడ్ షాట్ కావాలి, వీలైతే మనిషి మొత్తం, చుట్టూ ఉన్న చోటుతో సహా కనిపించే లాంగ్ షాట్ కావాలి. గిటార్ తీగ మీద వేళ్లు, డ్రమ్స్ వెనక వంగిన వీపు, మైక్ స్టాండ్‌ను పట్టుకున్న పిడికిలి కనిపించకపోతే ఆ కవర్ మీదున్నది సంగీతకారుడో, సినిమా నటుడో, సబ్బు ప్రకటన మోడలో ఎలా తెలుస్తుంది?

1992 ఏప్రిల్‌లో అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ కవర్ మీదికి నిర్వాణ అనే రాక్ బృందం వచ్చింది. ఫొటో తీసింది మార్క్ సెలిగర్. బృందం గాయకుడు కర్ట్ కొబైన్ వేసుకొచ్చిన టీషర్టు మీద, కార్పొరేట్ పత్రికలు ఇప్పటికీ చెత్తే అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు రాసి ఉన్నాయి. పెద్ద పత్రిక కవర్ ఎక్కుతూనే ఆ పత్రికతో గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవంతా ఛాతీ మీద ఉంది. ఫ్రేమ్‌ను మెడ దగ్గర కోసేసి ఉంటే మిగిలేది చెదిరిన జుట్టున్న ఓ కుర్రాడి ముఖమే. పక్కనే ఉన్న మిగతా ఇద్దరు సభ్యులు డేవ్ గ్రోల్, క్రిస్ట్ నోవోసెలిక్‌లకు అసలు చోటే ఉండేది కాదు. ఎక్కడ కత్తిరించాలన్నది అందం గురించి తీసుకునే నిర్ణయమని చాలామంది అనుకుంటారు. ఎవరి మాట వినిపించాలన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

అదే పత్రిక 1981 జనవరి 22 సంచిక చూడండి. బీటిల్స్ బృందంలో పాడిన జాన్ లెనన్ హత్యకు గురైన రోజే, 1980 డిసెంబర్ 8న, కొన్ని గంటల ముందు యానీ లీబోవిట్జ్ తీసిన ఫొటో అది. నగ్నంగా ఉన్న లెనన్ ముడుచుకుపోయి, దుస్తుల్లో ఉన్న భార్య యోకో ఓనోను చుట్టుకుని ఉంటాడు. కెమెరా పైనుంచి చూస్తుంది. కవర్ మీద కథనాల శీర్షిక ఒక్కటీ వేయలేదు. అమెరికా పత్రికా సంపాదకుల సంఘం 2005లో, గడిచిన 40 ఏళ్లలో అత్యుత్తమ కవర్‌గా దీన్నే ఎంచింది. ఇందులో మనల్ని కదిలించేది ఏమిటి? ముడుచుకున్న మోకాలు, ఆమె తల చుట్టూ వేసిన చెయ్యి, ఒకరు కప్పుకుని మరొకరు కప్పుకోకపోవడం. క్లోజప్ తీసి ఉంటే అది ఓ ముద్దు ఫొటో అయ్యేది, అంతే.

ఇంకో నష్టం కూడా ఉంది. ముఖాలకు వాడే 85 ఎంఎం లాంటి లెన్స్‌తో, ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) బాగా తెరిచి దగ్గరగా తీస్తే వెనకున్నదంతా మసకబారుతుంది. చర్మం మెరుస్తుంది, ఊరు మాయమవుతుంది. 1979 జనవరిలో బ్రిటిష్ సంగీత పత్రిక ఎన్‌ఎంఈ కోసం ఫొటోగ్రాఫర్ కెవిన్ కమిన్స్ జాయ్ డివిజన్ అనే రాక్ బృందాన్ని మాంచెస్టర్‌లో మంచు కప్పిన వంతెన మీద నిలబెట్టి తీసిన ఫొటో ఉంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం మంచే. మనుషులు చిన్నగా ఎక్కడో ఉంటారు. ఆ చలి, ఆ ఖాళీ వాళ్ల పాటల్లో ఉన్నవే. ఆ బృందం గురించి ఏ ముఖమూ అంత చెప్పలేదు.

అమ్మకాల మాటేమిటని సంపాదకులు అడుగుతారు. దుకాణంలో వరసగా పేర్చిన పత్రికల మధ్య మనిషి కళ్లే ముందు లాగుతాయి, ఫోన్ తెర మీద గోరంత బొమ్మగా మారాక ముఖం తప్ప ఏదీ ఆనదు అంటారు. ఆ మాటలో నిజముంది. కానీ అన్ని కవర్లూ ముఖాలే అయినప్పుడు ఏ ముఖమూ ప్రత్యేకంగా నిలవదు. పైగా ద క్లాష్ అనే బ్రిటిష్ పంక్ రాక్ బృందం 1979 ఆల్బమ్ లండన్ కాలింగ్ కవర్ మీద ముఖమే సరిగా కనిపించదు! పాల్ సిమొనన్ ఒళ్లంతా విల్లులా వంచి బేస్ గిటార్‌ను నేలకేసి కొడుతుంటాడు. ఫోకస్ కూడా సరిగా లేదని ఫొటోగ్రాఫర్ పెన్నీ స్మిత్ ముందు వద్దన్నారు. ఇవాళ ఆ వంగిన ఒంటి రూపాన్ని గోరంత సైజులో చూపించినా గుర్తుపడతారు.

అందులో ఉన్నది గాయకుడు కాదు, బేస్ వాయించే మనిషి. అసలు నా బాధ ఇక్కడే. క్లోజప్‌లో ఒక్కరికే చోటు, ఆ ఒక్కరూ దాదాపు ఎప్పుడూ పాడేవాళ్లే. నలుగురు కలిసి చేసిన పాట ఒక ముఖానికి రాసిచ్చేస్తున్నాం. ఈ అలవాటు పత్రికలతో ఆగలేదు. స్ట్రీమింగ్ యాప్ తెరిస్తే చిన్న చదరంలో ఒక ముఖం, కింద ఒక పేరు. డ్రమ్స్ ఎవరు వాయించారో, వయొలిన్ ఎవరిదో తెలుసుకోవాలంటే మెనూ వెంట మెనూ వెతకాలి, అప్పటికీ చాలా పాటలకు ఆ వివరమే ఉండదు. పాత రికార్డు అట్ట వెనక్కి తిప్పితే చాలాసార్లు ఆ పేర్లన్నీ అక్కడే ఉండేవి. యాప్‌లు వాటిని మళ్లీ పాట పక్కనే వేయాలి. సంగీత పత్రికలైతే ఎవరి కోసమూ ఎదురు చూడనక్కర్లేదు. వచ్చే సంచిక కవర్‌కు కెమెరాను పది అడుగులు వెనక్కి జరిపి, బృందం మొత్తాన్ని వాయిద్యాలతో సహా ఫ్రేమ్‌లోకి తెచ్చి, ప్రతి ఒక్కరి పేరూ ఒకే సైజు అక్షరాల్లో వేయమనండి.