తలుపు వెనక మేకుకు వేలాడుతున్న రైడింగ్ జాకెట్టు గారికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

మహారాజశ్రీ రైడింగ్ జాకెట్టు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, ఈ ఉత్తరం విషయంలో అది సగమే నిజం. తమరు కుశలమే. పదకొండు నెలలుగా పడకగది తలుపు వెనక మేకుకు వేలాడుతున్న తమ ఒంటి మీద ఉన్న గాయమల్లా మెడపట్టీ లోపల ఆ మేకు తుప్పు చేసిన గోధుమరంగు మరక ఒక్కటే. నేను మాత్రం కుడి మోచేతికి కట్టుతో, ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరమూ నొక్కుకుంటూ ఈ లేఖ రాస్తున్నాను. బండి మీద నుంచి పడింది నేను, రక్షణ పొందింది తలుపు. ఆ తలుపుకు ఇంతవరకూ గీత కూడా పడలేదు కాబట్టి తమ సేవను బొత్తిగా కాదనలేను.

ముందుగా తమ పేరు వల్ల మా ఇంట్లో వచ్చిన చిక్కును మనవి చేసుకుంటాను. తమరిని కొన్న సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "అమ్మా, తొమ్మిది వేలు పెట్టి జాకెట్టు కొన్నాను" అని ప్రకటించాను. తెలుగు ఇళ్ళలో ఆ మాటకు ఎప్పుడో ఖరారైన అర్థం ఒకటుందనీ, ఆ వస్తువును కొనరు, కొలతలిచ్చి కుట్టిస్తారనీ ఆ ఉత్సాహంలో మరిచిపోయాను. మా అమ్మ చేతిలోని చాట కింద పెట్టి, "తొమ్మిది వేలెట్టి జాకెట్టా? ఎవరికిరా?" అని అడిగింది. ఆ "ఎవరికిరా"లోని అనుమానం తీర్చడానికి నాకు పావుగంట పట్టింది. సంచిలోంచి తమరు బయటపడ్డాక ఆవిడ తమను తిరగేసి చూసి, "లైనింగు మాత్రం బాగానే ఏశాడు" అని ఒప్పుకుంది. నేను తొడుక్కుని చూపించాక మాత్రం పెదవి విరిచి, "భుజం జారిపోతోందిరా, ఇది నీ కొలత కాదు" అంది. ఏనాడూ బండి నడపని మనిషికి ఈ సంగతులేం తెలుస్తాయిలెమ్మని నవ్వేశాను.

మన తొలి పరిచయం నగరంలోని ఒక దుకాణంలో, నిలువుటద్దం ముందు జరిగింది. నిలబడి బండి నడిపేవాడు ఎవడూ లేడు; అయినా తమను అందరం నిలబడే ఎంచుకుంటాం. అద్దంలో నా భుజాలకు లేని కండ వచ్చింది, పొట్ట అంగుళం మేర లోపలికి పోయింది. దుకాణం కుర్రాడు "మీకు కరెక్టుగా సెట్టయింది సార్" అన్నాడు. అదే మాట నాకు ముందు వచ్చిన ఆసామితోనూ అన్నాడనీ, ఆయన నాకంటే పాతిక కిలోలైనా ఎక్కువ ఉంటాడనీ గమనించకపోలేదు గాని, పొగడ్త చేతికి అందాక దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరు విచారిస్తారు? నేను అడిగినవి మూడే ప్రశ్నలు: జేబులెన్ని, ఫోను పడుతుందా, నలుపులో ఉందా. పాతనగరంలో డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బొగ్గుధూళితో బూడిదరంగుకు తిరగడం చూస్తూ పెరిగినవాడికి లేతరంగు బట్టల మీద నమ్మకం కుదరదు. రాత్రిపూట నల్లజాకెట్టు మనిషి నల్లరోడ్డులో కలిసిపోయి వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనబడడనీ, మే నెల ఎండను నలుపు ఆప్యాయంగా పిలిచి ఒంటి మీద కూర్చోబెడుతుందనీ ఆ క్షణాన తట్టలేదు. నా బండి దుకాణం ముందే ఉంది. తమను తొడుక్కుని వెళ్ళి దాని మీద కూర్చుని, చేతులు రెండూ హ్యాండిల్ మీద పెట్టి ఉంటే అర నిమిషంలో తమ బండారం బయటపడేది.

ఇక తమ బిరుదుల సంగతి. తమ ఛాతీకి వేలాడిన అట్టముక్క మీద "సీఈ" అనే రెండక్షరాలు, అంటే ఐరోపా భద్రతా నియమాలకు సరిపోయిందని చెప్పే గుర్తు, బంగారు రంగులో ఉన్నాయి. అవి తమవేనని నేను నమ్మాను. జాకెట్టు మొత్తాన్ని పరీక్షకు పెట్టే ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092 అనేది 2020లో వెలువడింది. ఆ పరీక్షలో నెగ్గిన జాకెట్టు లోపల కుట్టిన చీటీ మీద మోటారు సైకిలిస్టు బొమ్మ, దానితోపాటు ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అనే తరగతుల్లో ఏదో ఒకటి ఉంటాయి. గుడ్డముక్కను ఒక యంత్రానికి తగిలించి, గిర్రున తిప్పి, కాంక్రీటు పలక మీదికి వదులుతారు. అది రాసుకుంటూ ఆగేలోగా చిల్లు పడిందా లేదా అన్నదే పరీక్ష. భుజం, మోచేయి లాంటి, ముందుగా నేలకు తగిలే చోట్ల వాడే గుడ్డకు ఆ వేగం ఏఏఏ తరగతిలో గంటకు 120 కిలోమీటర్లు, ఏఏలో 70, ఏలో 45. బీ తరగతి రాపిడికి 'ఏ' లాగే ఓర్చుకుంటుంది గాని అందులో దెబ్బను ఆపే ఆర్మర్ ఉండదు. సీ తరగతిది ఆర్మర్‌ను ఒంటికి పట్టి ఉంచే పని మాత్రమే. ఇదంతా విని మా మిత్రుడొకడు, టీవీ రిమోట్ బ్యాటరీల్లో ట్రిపుల్ ఏ అంటే అన్నిటికన్నా చిన్నది కదా, అందుకే తాను ఒక్క 'ఏ' ఉన్నదే కొనుక్కున్నానన్నాడు. నా పరిస్థితి అతనికంటే అధ్వాన్నం కాబట్టి నవ్వలేకపోయాను.

తమ లోపల ఆ చీటీ కోసం టార్చిలైటు వేసి మరీ వెతికాను. యంత్రంలో ఉతకరాదు, పిండరాదు, ఇస్త్రీ చేయరాదు అనే నిషేధాజ్ఞలు వరసగా బొమ్మల్లో ఉన్నాయి గాని మోటారు సైకిలిస్టు బొమ్మ జాడ లేదు. "సీఈ" అన్న బిరుదు మోచేతుల్లో, భుజాల్లో దూర్చిన నాలుగు ఆర్మర్ ముక్కలదట. పెళ్ళిచూపులకు అరువు ఉంగరం పెట్టుకొచ్చిన వరుడి వైభవం ఇలాగే ఉంటుంది. అలాగని దుకాణం వారు అబద్ధమాడారనీ అనలేను. అట్టముక్క మీద ఆ రెండక్షరాల కింద చీమతలకాయంత అక్షరాల్లో "ఆర్మర్ మాత్రమే" అని రాసే ఉంది. మన దేశంలో హెల్మెట్టుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది లేకుండా పెట్టుకుంటే పోలీసు ఆపి అడగవచ్చు. తమరిని మాత్రం ఏ చౌరస్తాలోనూ ఎవరూ ఏ గుర్తూ అడగరు కాబట్టి ఆ అడిగే పనేదో దుకాణంలో నేనే చేసి ఉండవలసింది.

ఆ నాలుగు ముక్కల ఘనతను కూడా కొంచెం దగ్గరగా చూశాను. వాటి మీద మనిషి బొమ్మ, మోచేతిదానికి 'ఈ', భుజానిదానికి 'ఎస్' అనే అక్షరం, పక్కనే 1 అనే అంకె ఉన్నాయి. అంటే లెవెల్ వన్. ఈ ఆర్మర్‌కు వర్తించే ప్రమాణం ఈఎన్ 1621-1 ప్రకారం అయిదు కిలోల బరువును దాదాపు మీటరు ఎత్తు నుంచి ఆర్మర్ మీద పడేసి, దాన్ని దాటుకుని అవతలికి ఎంత దెబ్బ వెళ్ళిందో కొలుస్తారు. దెబ్బ బలాన్ని కొలిచే కిలోన్యూటన్లలో అది సగటున 35కి మించకపోతే లెవెల్ వన్, 20కి మించకపోతే లెవెల్ టూ. దుకాణంలో ఎవరైనా నాకు "ఒకటో రకం, రెండో రకం" అని చెప్పి ఉంటే ఒకటో రకమే గొప్పదనుకుని దానికే ఓటు వేసేవాణ్ణి. బియ్యం కొనే అలవాటు అది. విశాఖలాంటి ఊళ్ళో చూడవలసిన గుర్తు ఇంకొకటుంది: "టీ ప్లస్". 40 డిగ్రీల వేడిలో మెత్తబడ్డాక కూడా ఆర్మర్ పని చేస్తుందని దాని అర్థం. తమ ముక్కల మీద అది లేదు.

వీపు సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. వీపు జేబులో మెత్తగా ఏదో తగిలితే, వెన్నెముకకు కాపలా కుదిరిందని పదకొండు నెలలు నిశ్చింతగా ఉన్నాను. మొన్న బయటికి లాగి చూస్తే వేలెడు మందం కూడా లేని బూడిదరంగు ఫోమ్ ముక్క. దాని మీద అక్షరం లేదు, అంకె లేదు. బొటనవేలితో నొక్కితే అవతల పెట్టిన చూపుడువేలు స్పష్టంగా తగిలింది. వీపు ఆర్మర్‌కు వేరే ప్రమాణమే ఉంది, ఈఎన్ 1621-2 అని. అందులో అవతలికి పోయే దెబ్బ లెవెల్ వన్‌కు 18, లెవెల్ టూకు 9 కిలోన్యూటన్లు దాటకూడదు. తమ ఫోమ్ ఏ పరీక్షకూ కూర్చోలేదు. అసలైన ఆర్మర్ కొని దూర్చుకోవడానికి ఆ జేబును ఖాళీగా ఉంచితే బోసిగా ఉంటుందని, పళ్ళెంలో అరిటాకు పరిచినట్టు పరిచారంతే.

గుడ్డ విషయంలో నా తెలివి కూడా తక్కువది కాదు. పక్క జాకెట్టు మీద 500 డెనియర్ కోర్డురా అని, తమ మీద 600 డెనియర్ పాలిస్టర్ అని రాసి ఉంటే, 600 పెద్దది కదా, పైగా ధర తక్కువ కదా అని లోలోపల మురిసిపోయాను. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు; అది నూలు మందాన్ని చెప్పే లెక్కే గాని రాపిడికి ఎంతసేపు నిలుస్తుందో చెప్పే లెక్క కాదు. కోర్డురాలో వాడే గట్టి నైలాన్ నూలు సన్నగా ఉండి కూడా మామూలు పాలిస్టర్ కంటే మొండిది. బరువు చూసి బెండకాయలు కొన్నట్టు కొన్నాను; ముదిరినవని వంట మొదలయ్యాక తెలిసింది.

తమరు మేకు దిగకపోవడానికి కారణం నా బద్ధకం ఒక్కటే కాదు, ఈ ఊరి గాలి కూడా. ఇక్కడ మనిషిని చంపేది ఎండ కాదు, ఉక్కపోత. తమకు ముందువైపు రెండు చిన్న గాలి జిప్పులున్నాయి. బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు బండి సాగుతున్నంతసేపూ వాటి ఉనికి లీలగా తెలుస్తుంది. హనుమంతవాకలో ఎర్రలైటు పడిందంటే లోపల ఇడ్లీపాత్ర మూత పడుతుంది. ఈ ఊరికి కావలసింది ఛాతీ, వీపు, చంకల కింద జల్లెడలాంటి మెష్ గుడ్డ ఉండి, భుజాలకూ మోచేతులకూ మాత్రం గట్టి గుడ్డ వేసి, రెండు మూడు వరసల కుట్టు వేసిన జాకెట్టు. సాంతం మెష్ చేసినదైతే గాలి బాగానే ఆడుతుంది గాని, రోడ్డు మీద రాసుకున్నప్పుడు ముందుగా విచ్చుకునేది ఆ జల్లెడే. తమ లోపలి వాన లైనర్ గురించి ఒక్క మాట. అల్పపీడనం మబ్బు నెత్తి మీదికి వచ్చాక, బండి పక్కకు ఆపి, తమను విప్పి, లైనర్‌ను జిప్పుతో తగిలించి, మళ్ళీ తొడుక్కునేలోగా తడవవలసినదంతా తడిసిపోతుంది. ఆపైన నీళ్ళు పీల్చిన పైగుడ్డను మోసుకుంటూ ఇంటికి చేరాలి. అన్నిటి మీదా వేసుకునే మామూలు రెయిన్‌కోటు ఈ పని సులువుగా చేస్తుంది. చలి లైనర్ మాత్రం ఒక్క డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో అక్కరకు వచ్చింది. ఆ ఒక్క రోజు కాక ఫొటోల కోసం మరో మూడుసార్లు తొడుక్కున్నాను. ఈ పదకొండు నెలల్లో తమ ఉద్యోగపర్వం అంతటితో సరి.

పోయిన ఆదివారం పొద్దున్న రొయ్యల కోసం జోడుగుళ్ళపాలెం వెళ్ళాను. దగ్గరికే కదా అని నూలుచొక్కాతో బయల్దేరాను. తిరుగుదారిలో తెన్నేటి పార్కు దగ్గర, రాత్రి గాలికి రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుకలో ముందుచక్రం జారింది. వేగం 30 కూడా లేదు. చొక్కా మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. దాని కింద చర్మం మాత్రం అరచేయంత పోయింది. రెండు కవర్లు తొడిగించుకున్న రొయ్యలకు ఏమీ కాలేదు. ఆ రోజు నాకంటే అవే పకడ్బందీగా ప్రయాణం చేశాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మా అమ్మ వేసిన మొదటి ప్రశ్న, "ఆ తొమ్మిది వేల జాకెట్టు ఏదిరా?" అని. తమను మేకు మీద నుంచి దింపి, నా ఎడమచేతికి తొడిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, "బండి మీద చెయ్యెలాగెడతావో అలాగెట్టు" అంది. నేను చెయ్యి చాపగానే తమ చెయ్యి మణికట్టు దాటి వెనక్కి పోయింది. మోచేతి ఆర్మర్ మెల్లగా తిరిగి ముంజేతి లోపలివైపు సర్దుకుని కూర్చుంది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "దెబ్బ ఇక్కడ తగుల్తుంది, నీ బిళ్ళేమో అక్కడుంది" అని చూపించింది. తమ చేతికి బిగించుకునే పట్టీలున్నాయని కూడా ఆవిడే కనిపెట్టింది. నేను ఒక్కనాడూ వాటిని ముట్టుకోలేదు. వాటిని చివరి బొత్తాము దాకా బిగించినా బిళ్ళ ఆగలేదు, ఎందుకంటే తమరు నాకు ఒక సైజు ఎక్కువ. ఆదివారం తమరు నా ఒంటి మీదే ఉన్నా నా మోచేతికి ఒరిగేది తక్కువేనని అప్పుడు తెలిసింది. భుజం కుట్టు భుజం ఎముక మీదే ఉండాలనీ, చంక బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే మొత్తం పక్కకు తిరుగుతుందనీ, తొడుక్కున్న మనిషి కూర్చున్నాకే కొలత చూడాలనీ నలభై ఏళ్ళుగా జాకెట్లు కుట్టించుకుంటున్న ఆవిడ నాకు పాఠం చెప్పింది. కొన్ననాడు కూడా ఆవిడ చెప్పింది ఇదే.

కాబట్టి తమకు తెలియజేయునది ఏమనగా, కట్టు విప్పిన మరునాడే నేను మళ్ళీ దుకాణానికి వెళ్తున్నాను. లోపలి చీటీ చూడందే అద్దం వైపు తల తిప్పనని మాట ఇచ్చాను. మా అమ్మ కూడా వస్తానంది. మెట్ల ముందు బండి మీద నన్ను కూర్చోబెట్టి కొలత తానే చూస్తుందట. తమ ఫోమ్ ముక్కను ఆవిడ నిన్ననే వంటింట్లోకి తీసుకుపోయి, మిక్సీ కింద వేసింది. పొద్దున్న కొబ్బరి పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ గట్టు మీద ఒక్క అంగుళం కూడా జరగలేదు.

ఇట్లు,
తమ ప్రస్తుత యజమాని