కొత్త జత వెనక చక్రాలకే
కారుకు రెండు టైర్లే మార్చేటప్పుడు కొత్తవి ముందు చక్రాలకు వేయించాలని టైర్ల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. ఇంజిన్ బరువు, స్టీరింగ్, బ్రేకు భారం ముందే ఎక్కువ కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే స్టీరింగ్ తేలికైపోయి మనకు వెంటనే తెలుస్తుంది, యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే చాలావరకు బండి దారికొస్తుంది. అదే అరిగిన పాతవి వెనక ఉండి పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది, మామూలుగా నడిపేవాళ్ల చేతికి చిక్కదు. మిషెలిన్ లాంటి కంపెనీలు కూడా కొత్త జత వెనకే వేయమంటాయి. మా బావగారి కారుకు షాపువాళ్లు కొత్తవి ముందు వేసి పంపారు. వానాకాలంలో సూర్యాపేట దాటాక ఫ్లైఓవర్ దిగేచోట నీళ్లు నిలిచి ఉంటే, వెనక భాగం పక్కకు కొట్టేసి కారు డివైడర్ దాకా వెళ్లి ఆగింది. వెనక సీట్లో పిల్లలున్నారు. మర్నాడే టైర్లు ముందువి వెనక్కి మార్పించాం. వ్యాసంలో తయారీ తేదీ సంగతి కూడా రాసి ఉంటే బాగుండేది. టైరు పక్కభాగం మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 3224 అంటే 2024లో 32వ వారం. అది ఒక్కోసారి ఒకవైపే ఉంటుంది, కనబడకపోతే టైరు తిప్పించి చూడండి. ఏళ్ల తరబడి గోదాములో పడున్న రబ్బరు గట్టిపడుతుంది, గ్రిప్పు ఎంత కొత్తగా కనిపించినా సరే. పాత సరుకైతే వేరేది తెమ్మని అడగడానికి మొహమాటపడకండి.