గేటుకి నోటీసు అంటిస్తే ఇల్లు పోయినట్టు కాదండీ

హోమ్ లోన్ కట్టకపోతే బ్యాంకు కోర్టుకి వెళ్లకుండానే ఇల్లు వేలం వేసేస్తుందని ఒక ఆర్టికల్‌లో రాశారు, నిజమే, 2002 సర్ఫేసీ చట్టం ఇచ్చిన పవరే అది, కానీ మధ్యలో ఎన్ని మెట్లున్నాయో చెప్పకపోతే చదివినోళ్లకి గుండె ఆగిపోద్ది. ముందు లోన్ ఎన్పీఏ, అంటే మొండి బాకీ అవ్వాలి, ఆ తర్వాత ఆ చట్టం సెక్షన్ 13(2) కింద బాకీ కట్టమని నోటీసు, దానికి 60 రోజుల టైం. చాలామంది దాన్ని బీరువాలో పడేసి దేవుడి మీద భారం వేస్తారు, కొంప ముంచేది అదే. లెక్క తేడాగా ఉంటే అభ్యంతరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, 15 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి.

మా బావగారింటికి వచ్చినోళ్లు గేటుకి పొసెషన్ నోటీసు, అంటే ఇల్లు స్వాధీనం చేసుకున్నామనే కాగితం అంటించి, ఫోన్‌లో ఫోటో తీసుకుని చక్కా పోయారు, మా అక్క అప్పుడే గిన్నెలు మూట కట్టేస్తోంది పాపం! అది సింబాలిక్ పొసెషన్, అంటే కాగితం మీద స్వాధీనం అంతే. మనం ఖాళీ చెయ్యకపోతే బ్యాంకు మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకోవాల్సిందే. ఈలోపు ఆ నోటీసు అంటించిన 45 రోజుల్లో డీఆర్టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నాయి. మామూలు సివిల్ కోర్టులో స్టే తెస్తానని అడ్వాన్స్ అడిగే లాయర్లు ఉంటారు, సివిల్ కోర్టు ఇందులో తల దూర్చకూడదనే సెక్షన్ 34 సంగతేంటని అడగండి, మొహం చూడాలి అప్పుడు. వ్యవసాయ భూమి తాకట్టు పెడితే దానికి ఈ చట్టం వర్తించదు, ఆ ఆర్టికల్‌లో ఈ ముక్కే లేదు.

ఇంక రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చెయ్యకూడదని ఆర్బీఐ రూల్, చేస్తే రికార్డ్ చేసి పెట్టుకోండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి కొట్టండి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీ.